నీళ్లు పోసినా తడవని పచ్చిక నేల

పచ్చిక ఎండిపోతోందంటే ఎవరైనా మొదట చేసే పని మోటారు వేయడం. రెండు పూటలు పెట్టే నీళ్లు మూడు పూటలు పెడతారు. అయినా నడుమ నడుమ గోధుమ రంగు మచ్చలు అలాగే ఉంటాయి. జానెడు దూరంలో గడ్డి పచ్చగా కళకళలాడుతుంటుంది, ఇక్కడ మాడిపోయి ఉంటుంది. నీళ్లు చూస్తే రెండు చోట్లా ఒకేలా పడుతున్నాయి. మాలి సరిగా పెట్టడం లేదని యజమాని అంటాడు. పైపు సరిగా లేదని మాలి అంటాడు. తప్పు ఇద్దరిదీ కాకపోవచ్చు. ఆ నేల నీళ్లు తాగడం మానేసి ఉండవచ్చు.

పచ్చిక గొడవ రైతుల పేజీలో ఎందుకంటారా? కారణం ఉంది. 2024 మే నెలలో ఒక ఆకుకూరల రైతు "మా దొరువు తీపి పోయిందండీ, తోటకూర అంచులు మాడుతున్నాయి" అని చెబితే చూద్దామని బాపట్ల నుంచి సూర్యలంక వైపు వెళ్లాను. ఆయన చేను గట్టు అవతలే ఒక విడిది గృహం ఉంది. దాని ముందు సుమారు 20 సెంట్ల పచ్చిక. ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు అక్కడ మోటారు నడుస్తోంది. ఇంత నీళ్లు పెడుతున్నా పచ్చిక నిండా మచ్చలే. అక్కడి మాలి తలపాగా తీసి మొహం తుడుచుకుంటూ అన్న మాట ఇది: "ఎన్ని పెట్టినా తాగట్లేదండీ. మొండికేసింది ఈ నేల."

ఆయన చేతిలోని బొరిగెతో ఒక మచ్చ దగ్గర తవ్వించాను. పైన గోరు మందాన తడి, దాని కింద పొడి. మామూలు పొడి కూడా కాదు, పిండిలా వేళ్ల సందుల్లోంచి జారిపోయే పొడి. అంతకు ముందే గంటసేపు నీళ్లు పెట్టిన చోటు అది! చెంబుతో నీళ్లు పోస్తే గోళీల్లా దొర్లి పక్కకు పోయాయి.

ఈ నీళ్ల లెక్క ఒకసారి చూడండి. సెంటు నేల మీద అంగుళం నీళ్లు నిలబెట్టాలంటే సుమారు వెయ్యి లీటర్లు కావాలి. నడి వేసవిలో పచ్చికకు రోజుకు 5 మిల్లీమీటర్లు వేసుకున్నా సెంటుకు 200 లీటర్లు. 20 సెంట్లకు 4 వేల లీటర్లు చాలు. చిన్న మోటారైనా గంటకు నాలుగైదు వేల లీటర్లు తోడుతుంది. అంటే గంటలో తీరే అవసరానికి ఆరు గంటలు తోడుతున్నారన్నమాట.

తీరం ఇసుక నేలల రైతులకు చెప్పనక్కర్లేదు గానీ, మిగతా పాఠకుల కోసం చెప్పాలి. అక్కడ మంచినీరు ఉప్పునీటి మీద పల్చగా తేలి ఉంటుంది. ఇసుకలో గొయ్యి తవ్వి ఆ పైనీటినే వాడుకుంటారు. అదే దొరువు. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిచి ఉంటే, కింద సుమారు 40 అడుగుల మేర మంచినీరు ఉంటుందని శాస్త్రవేత్తల లెక్క. పైన అర అడుగు తోడేస్తే కింద నుంచి 20 అడుగులు ఉప్పునీరు ఎగబాకే వీలుందన్నమాట. అందుకే బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన విభాగం వారు ఒకే చోట లోతుగా తోడవద్దంటారు. భూమిలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, పైనీటిని నడిమి బావిలోకి చేర్చుకునే మెరుగైన దొరువు పద్ధతిని వారు ఎప్పుడో చూపించారు. అలాంటి చోట తాగని నేలకు ఆరు గంటలు నీళ్లు పెడితే పచ్చికా దక్కదు, పక్క రైతు దొరువూ దక్కదు.

తామరాకు మీద నీటి బొట్టు

తామరాకు మీద, చేమ ఆకు మీద నీటి బొట్టు నిలవదు. ఆకు మీద మైనం పూత ఉంటుంది. నేలలోనూ ఇంచుమించు ఇదే జరుగుతుంది. గడ్డి వేళ్లు, రాలిన ఆకులు కుళ్లినప్పుడు మైనం లాంటి పదార్థాలు పుడతాయి. నేలలో బతికే బూజు జాతి శిలీంధ్రాలు కూడా వీటిని వదులుతాయి. అవి ఇసుక రేణువుల చుట్టూ పల్చని పూతగా పడతాయి. పూత పడిన రేణువు ఆరిపోయిందంటే నీటిని దగ్గరకు రానివ్వదు.

ఇసుక నేలల్లోనే ఇది ఎక్కువ ఎందుకు? రేణువు పెద్దది కాబట్టి. ఒక గ్రాము బంకమట్టిలోని రేణువుల ఉపరితలమంతా పరిస్తే పదుల నుంచి వందల చదరపు మీటర్లు వస్తుంది. గ్రాము ఇసుకకు చదరపు మీటరులో చిన్న భాగమే. అందుచేత కొద్దిపాటి మైనమే ఇసుకను కప్పేస్తుంది, బంకమట్టిని కప్పలేదు. డెల్టా నల్లరేగడిలో పచ్చిక పెంచేవారికి ఈ బెడద దాదాపు లేదనే చెప్పాలి. తీరం ఇసుకల్లో, ఇసుక పోసి తయారుచేసిన మైదానాల్లో, జామాయిల్ తోట కొట్టేసిన తేలిక నేలల్లో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. జామాయిల్ ఆకుకు ఈ గుణం తెచ్చే శక్తి చాలా ఉంది.

కొత్తగా వేసిన పచ్చికలో ఇది కనబడదు. రెండు మూడేళ్లు గడిచి వేళ్లు, చెత్త పేరుకున్నాకే మొదలవుతుంది. "మొదటి ఏడాది బ్రహ్మాండంగా ఉందండీ" అని అందరూ అనేది ఇందుకే.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పూత పడిన నేల కూడా తడిగా ఉన్నంతకాలం మామూలుగానే నీళ్లు తాగుతుంది. ఒక హద్దు దాటి ఆరినప్పుడే తిరగబడుతుంది. మిట్ట మీద, గోడ వార ఎండ కొట్టే చోట, చెట్టు వేళ్లు నీటిని లాగేసే చోట నేల ముందుగా ఆ హద్దు దాటుతుంది. దాటాక నీళ్లు పట్టవు, పట్టవు కాబట్టి ఇంకా ఆరుతుంది. మచ్చ అలా పెరుగుతుంది. పండగకో పెళ్లికో వారం రోజులు ఊరెళ్లి వచ్చేసరికి పచ్చిక చెడిపోయిందంటే కారణం ఇదే.

తాగని నీళ్లు ఏమవుతాయి? కొన్ని పల్లానికి పారతాయి. కొన్ని ఎక్కడో చిన్న దారి చూసుకుని, చేతివేళ్ల లాంటి పాయలుగా నేరుగా లోతుకు దిగిపోతాయి. నెదర్లాండ్స్ తీరపు ఇసుక నేలల్లో శాస్త్రవేత్తలు 1990లలో నేలను అడ్డంగా కోసి ఈ పాయలను చూపించారు. పాయల మధ్య నేల ఎండుగానే ఉండిపోతుంది. మీరు చల్లిన యూరియా కూడా వేళ్లకు అందకుండా ఆ పాయల వెంటే భూగర్భ జలంలోకి పోతుంది. దొరువు నీరే తాగేవాళ్లున్న ఊళ్లో ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

చుక్కల పరీక్ష

మచ్చ కనబడగానే ఇదేనని నిర్ణయించుకోకండి. వేరుపురుగు తిన్నా, తెగులు సోకినా, కుక్క మూత్రం పోసినా, కింద ఇటుక ముక్కలో సిమెంటు పెళ్లలో ఉన్నా గడ్డి అలాగే ఎండుతుంది. పట్టుకుని లాగితే గడ్డి చాపలా లేచి వస్తే కింద తెల్లటి వేరుపురుగుల కోసం వెతకండి. గునపం దిగకుండా ఠంగుమంటే రాయో సిమెంటో అడ్డు ఉంది. ఇవేవీ కాదనుకుంటే చుక్కల పరీక్ష చేయండి. పైసా ఖర్చు లేదు.

అంగుళం వెడల్పు ఇనుప గొట్టం ముక్కను మచ్చ మీద పెట్టి సుత్తితో ఐదారు అంగుళాల లోతుకు కొట్టండి. తిప్పుతూ పైకి లాగితే గొట్టంలో మట్టి కడ్డీలా వస్తుంది. దాన్ని చెదరకుండా కాగితం మీదకు తోసి రెండు రోజులు నీడన ఆరనివ్వండి. ఆరనివ్వకుండా పచ్చి మట్టి మీద పరీక్ష చేస్తే ఫలితం తప్పుతుంది, ఇందాక చెప్పిన హద్దు సంగతి గుర్తుందిగా. ఆరాక కడ్డీని పడుకోబెట్టి, సూది తీసేసిన ఇంజెక్షన్ సిరంజితో పై నుంచి కిందికి అర అంగుళానికో చుక్క చొప్పున నీళ్లు వేయండి. గడియారం చూడండి.

చుక్క 5 సెకన్లలోపు ఇంకితే నేల బాగుంది. 5 నుంచి 60 సెకన్లయితే కొద్దిగా దోషముంది. నిమిషం దాటితే గట్టి దోషమే. పది నిమిషాలు దాటితే తీవ్రం. గంటసేపు చుక్క చుక్కలాగే కూర్చుంటే అతి తీవ్రం. సూర్యలంక దారిలో తీసిన కడ్డీలో పై రెండు అంగుళాలలో చుక్కలు పావుగంట దాకా ఇంకలేదు. మూడో అంగుళం దాటాక వేసినవి వేసినట్టే మాయమయ్యాయి. దోషమంతా పై పొరలోనే ఉందన్నమాట. సాధారణంగా పచ్చికల్లో ఇలాగే ఉంటుంది. ఎంత లోతుకు వైద్యం చేయాలో కూడా ఈ పరీక్షే చెబుతుంది. పచ్చగా ఉన్న చోట నుంచి కూడా ఒక కడ్డీ తీసి పక్కన పెట్టుకుంటే తేడా మీకే అర్థమవుతుంది.

ముందు పొడవాలి, తర్వాత తడపాలి

మచ్చ మీద, దాని చుట్టూ అడుగు మేర రంధ్రాలు చేయాలి. మట్టిని పైకి తీసే బోలు గొట్టపు పరికరమైతే మేలు. లేకపోతే ఫోర్కుతోనైనా సరే, రెండు మూడు అంగుళాల ఎడంతో, మూడు నాలుగు అంగుళాల లోతున పొడవండి. గడ్డి మొదళ్ల దగ్గర ఎండు కాడలు, వేళ్లు కలిసి చాపలా పేరుకుంటాయి. గరిక జాతుల్లోనూ, కొరియన్ గడ్డిలోనూ ఇది ఎక్కువ. ఆ చాప అర అంగుళం మందం దాటితే ఇనుప పళ్ల గొర్రుతో గీకి తీసేయండి. అది కూడా ఆరితే నీటిని రానివ్వదు. అయితే నడి ఎండల్లో ఈ గీకుడు పెట్టుకోవద్దు. గడ్డి చురుగ్గా పెరిగే తొలకరి తర్వాత చేస్తే త్వరగా కోలుకుంటుంది. ఎండల్లో రంధ్రాలతో సరిపెట్టండి.

ఇక నీళ్లు. గంటసేపు ఒకే ఊపున పెట్టకండి. ఐదు నిమిషాలు సన్నగా తుంపర పట్టి ఆపేయండి. అరగంట ఆగండి. మళ్లీ ఐదు నిమిషాలు. ఇలా నాలుగైదు విడతలు. మొదటి విడత నీళ్లు రేణువుల మీద కూర్చుని నెమ్మదిగా పూతను మెత్తబరుస్తాయి, రెండో విడత నుంచి లోపలికి దిగుతాయి. ఎండు పెంట పొడి మీద, ఎండిన కొబ్బరి పొట్టు మీద నీళ్లు పోసిన వారికి ఈ సంగతి తెలుసు. మొదట తేలిపోతుంది, చిలకరించి కాసేపు వదిలేస్తే తాగుతుంది. పచ్చికంతా తడపనక్కర్లేదు, మచ్చల వరకే పైపు చేత్తో పట్టుకోండి. వెలుతురు రాకముందే చేస్తే ఆవిరయ్యేది తక్కువ. మొత్తం అయ్యాక బొరిగెతో తవ్వి తడి ఎంత లోతు దిగిందో చూడాలి. చూడకుండా ఇంటికి పోయేవాళ్లే ఎక్కువ, అసలు చిక్కంతా అక్కడే వస్తోంది.

తడి మూడు నాలుగు అంగుళాలు దిగిందా, ఇక దాన్ని పూర్తిగా ఆరనివ్వకండి. మామూలు నేలల్లో "బాగా పెట్టి బాగా ఆరనివ్వండి" అని చెబుతాం. ఈ నేలకు ఆ సలహా పనికిరాదు. వేలు గుచ్చితే చెమ్మ తగలాలి. గడ్డిని కూడా వేసవిలో మరీ పొట్టిగా కత్తిరించకండి, నేల మీద నీడ పోతుంది.

సబ్బు నీళ్లు వద్దు

మొండి మచ్చలకు తడిపే మందు వాడాల్సి వస్తుంది. వెట్టింగ్ ఏజెంట్ అంటారు. దీని అణువుకు ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస మైనాన్ని పట్టుకుంటుంది. రెంటికీ సయోధ్య కుదిర్చే మధ్యవర్తి లాంటిది. పురుగుమందుల దుకాణంలో ఆకు మీద మందు అంటుకోవడానికి ఇచ్చే జిగురు మందు వేరు, నేల కోసం తయారుచేసింది వేరు. పచ్చిక నేలకు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉందో లేదో చూసి కొనండి. నాన్ అయానిక్ రకమైతే గడ్డికి హాని తక్కువ. మోతాదు డబ్బా మీద ఉన్నదే, చేతి కొలత వద్దు. ముందు గజం నేల మీద వేసి వారం చూడండి. రంధ్రాలు చేసి, ఒకసారి తడిపాకే వేయాలి. వేసిన వెంటనే నీళ్లు పట్టి ఆకు మీది మందును కిందకు దించాలి. ఎండలో వేసి ఆకు మీదే వదిలేస్తే గడ్డి కాలుతుంది. ఇది మైనాన్ని తీసేయదు, కొంతకాలం నీటికి దారి ఇస్తుంది, అంతే. నేలలోని సూక్ష్మజీవులు మందును కొన్ని వారాల్లో తినేస్తాయి కాబట్టి వేసవి పొడవునా మళ్లీ మళ్లీ వేయాలి. మచ్చలు వచ్చాక కంటే మార్చిలోనే మొదలుపెడితే తక్కువతో పోతుంది.

ఇది చదివి బట్టల పొడి కలిపి పోసేవాళ్లు ఉంటారని తెలుసు. పోయకండి. అందులోని సోడియం, తెల్లబరిచే రసాయనాలు గడ్డినీ నేలనూ చెడగొడతాయి. సూర్యలంక దారిలో ఆ మాలి ఒక మచ్చకు అదే ప్రయోగం చేసి ఉన్నాడు. మిగతావి గోధుమ రంగులో ఉంటే అది బూడిద రంగులో ఉంది. కుంకుడు రసంలోనూ తడిపే గుణం ఉన్న మాట నిజమే గానీ అది నేలలో త్వరగా కుళ్లిపోతుంది, కుంట లోకి చేరితే చేపలకు చేటు.

ఆస్ట్రేలియా పశ్చిమ తీరాన ఉన్న పెర్త్ నగరం కూడా ఇసుక మీద కట్టిందే. అక్కడ ఇళ్ల ముందు పచ్చికకు తడిపే మందు వేయడం ఎరువు వేసినంత మామూలు పని. నీటి కరువు వల్ల స్ప్రింక్లర్లు వేసే రోజులకు కూడా అక్కడ పరిమితి పెట్టారు. ఆ దేశపు గోధుమ రైతులు మందు మీద ఆధారపడకుండా ఇంకో దారి పట్టారు. ఇసుక చేలలో బంకమట్టి కలిపేస్తున్నారు. హెక్టారుకు 100 నుంచి 300 టన్నుల వరకు తోలతారు. మన లెక్కలో సెంటుకు సుమారు 400 కిలోల నుంచి 1,200 కిలోలు. బంకమట్టి ఇసుక రేణువుల మైనాన్ని కప్పేసి నీటికి పట్టు ఇస్తుంది. ఒకసారి కలిపితే ఏళ్ల తరబడి ఉంటుంది.

కొత్తగా పచ్చిక వేయబోయేవారు ఈ పని ముందే చేసుకోవచ్చు. ఎర్రమట్టి గానీ చెరువు మట్టి గానీ పొడి చేసి, పై నాలుగైదు అంగుళాల ఇసుకలో బాగా కలియబెట్టాలి. కలపకుండా పైన పొరలా పరిస్తే పెచ్చు కట్టి ఇంకా చెడుతుంది. తీరం దగ్గరి చెరువు మట్టిలో ఉప్పు ఉండవచ్చు, భూసార పరీక్ష చేయించకుండా ఒక్క ట్రాక్టరు కూడా దించుకోవద్దు. గోల్ఫ్ మైదానాలకు, నీరు త్వరగా దిగడానికి ఇసుకతో కట్టిన క్రికెట్ మైదానాలకు మాత్రం ఇది వర్తించదు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన పద్ధతిలో గులకరాళ్ల మీద అడుగు మందాన ఇసుక మిశ్రమం పోస్తారు. అక్కడ బంకమట్టి పడితే కట్టిందంతా వృథా. వాళ్లకు రంధ్రాలు, తడిపే మందే గతి.

కడియం, కడియపులంక నర్సరీల నుంచి పచ్చిక పలకలు తెప్పించేవారికి ఒక మాట. ఆ పలక అడుగున ఉండేది గోదావరి ఒండ్రు, మీ దగ్గరున్నది ఇసుక. దారిలో పలక ఎండితే కుంచించుకుపోయి అంచులు లేస్తాయి, తర్వాత ఎంత తడిపినా ఇసుకతో అతకదు. లారీ దిగిన రోజే, పరిచే ఇసుకను ముందుగా తడిపి పరచండి. పరిచిన పచ్చిక నెలలో ఎండితే డబ్బు ఇవ్వనని కొనుగోలుదారు, మా గడ్డి మంచిదేనని నర్సరీ రైతు తగువులాడుకోవడం మన దగ్గర కొత్త కాదు. అలాంటప్పుడు పలకలో ఒకటి, కింద ఇసుకలో ఒకటి రెండు కడ్డీలు తీసి ఇద్దరి ఎదుటా చుక్కలు వేసి చూడండి.

సూర్యలంక దారిలోని ఆ పచ్చికకు జూన్ మొదటి వారంలో రంధ్రాలు చేశారు. మోటారు పొద్దున గంటకు తగ్గించి విడతలుగా పెట్టారు, నెలకోసారి తడిపే మందు వేశారు. జూలై చివరకు బట్టల పొడి పోసిన చోటు తప్ప మిగతా మచ్చలు పూడాయి. ఆ ఒక్క చోట పై మట్టి తీసేసి కొత్త గరిక నాటారు. ఆకుకూరల రైతు దొరువు మాత్రం అంత తేలిగ్గా తేరుకోలేదు. అక్టోబరు, నవంబరు వానలు పడ్డాకే నీళ్లు నోట్లో పోసుకునేలా ఉన్నాయని చెప్పాడు. ఆ వేసవి తోటకూర ఆయనకు దక్కలేదు. మాలిని, నీళ్లు సరిగా పెట్టడం లేదన్న నెపం మీద, మేము కడ్డీ తీయడానికి నాలుగు రోజుల ముందే జీతం కోశారట. తర్వాత ఆ డబ్బు ఇచ్చారా అని అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నాడు.